ఏటా ఖాళీ అయ్యే జట్టు, 43 సీజన్ల కోచ్

అమెరికా విశ్వవిద్యాలయాల వాలీబాల్‌లో ఒక క్రీడాకారిణి ఆడగలిగేది మామూలుగా నాలుగు సీజన్లే. ఆ తర్వాత ఆమె ఎంత గొప్ప స్మాషర్ అయినా, జట్టు భారమంతా ఆమె భుజం మీదే ఉన్నా, పట్టా పుచ్చుకుని వెళ్లిపోవలసిందే. క్లబ్ జట్టయితే ఒప్పందం పొడిగించుకుంటుంది, జాతీయ జట్టయితే మోకాళ్లు సహకరించినంత కాలం పిలుస్తుంది. కాలేజీ జట్టుకు ఆ రెండు దారులూ మూసుకునే ఉంటాయి. ఏటా జట్టులో దాదాపు పావు వంతు ఖాళీ అవుతుంది, అది కూడా బాగా రాటుదేలిన పావు వంతు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ (పెన్ స్టేట్) మహిళల జట్టుకు రస్ రోజ్ 1979 నుంచి 2021 దాకా 43 సీజన్లు కోచ్‌గా ఉండి, 1,330 మ్యాచ్‌లు గెలిచి 229 ఓడారు. ఏడు సార్లు జాతీయ చాంపియన్‌షిప్ సాధించారు. నాలుగేళ్లకు ఒక తరం అనుకుంటే పది తరాలకు పైగా జట్లు ఆయన చేతుల మీదుగా వచ్చి వెళ్లాయి. విజయాల సంఖ్య రికార్డు పుస్తకాలకు సరిపోతుంది గానీ, వెళ్లిపోయేవాళ్ల స్థానంలో ప్రతిసారీ ఎవరిని, ఎలా నిలబెట్టారన్నదే ఈ కోచ్ పనితనాన్ని అర్థం చేసుకోవడానికి అసలైన ప్రశ్న.

మన దేశంలో అంతర విశ్వవిద్యాలయ పోటీలు చూసినవారికి ఈ వ్యవస్థ కాస్త కొత్తగా అనిపించవచ్చు. మన దగ్గర కాలేజీలో చేరినవాళ్లలోంచి జట్టును ఎంపిక చేస్తారు. అక్కడ జట్టు కోసమే విద్యార్థినులను వెతికి తెస్తారు. హైస్కూల్లో ఉండగానే వాళ్ల ఆట చూసి, ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడి, ఫీజులూ వసతీ భరించే స్కాలర్‌షిప్ ఇస్తామని ఒప్పించి తెచ్చుకుంటారు. మొదటి డివిజన్ మహిళల వాలీబాల్‌లో అలాంటి పూర్తి స్కాలర్‌షిప్‌లు చాలాకాలం పాటు జట్టుకు 12 మాత్రమే. ఆగస్టు చివర మొదలయ్యే సీజన్ డిసెంబరులో 64 జట్ల నాకౌట్ టోర్నీతో ముగుస్తుంది. కోచ్ ఏడాదంతా జీతం మీద పనిచేసే ఉద్యోగి. ఆయన సమయంలో పెద్ద భాగం ఇంకా జట్టులోకి రాని అమ్మాయిల గురించి ఆలోచించడానికే పోతుంది.

రోజ్ షికాగోలో పుట్టారు. జార్జ్ విలియమ్స్ కాలేజీ తరఫున వాలీబాల్ ఆడి 1975లో పట్టా తీసుకున్నారు. తర్వాత నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చదువుతూ, అక్కడి మహిళల జట్టును అప్పుడప్పుడే నిర్మిస్తున్న టెర్రీ పెటిట్ వద్ద సహాయ కోచ్‌గా పనిచేశారు. రోజ్ పరిశోధనాంశం వాలీబాల్ గణాంకాలు. ఏ నైపుణ్యం మ్యాచ్ ఫలితాన్ని ఎంతవరకు నిర్ణయిస్తుందో లెక్కగట్టడం ఆ రోజుల్లో కోచ్‌లకు అలవాటైన పని కాదు. 1979లో పెన్ స్టేట్‌కు వచ్చేనాటికి ఆయన వయసు 25 ఏళ్లు. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తూ 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం వల్ల ఆడపిల్లల జట్లకు అప్పుడే నిధులు, కోర్టులు, ప్రయాణ ఖర్చులు మెల్లగా అందుతున్నాయి. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిర్వహించే మహిళల వాలీబాల్ టోర్నీ ఇంకా పుట్టనేలేదు. అది 1981లో మొదలైంది. ఆ మొదటి ఏడాది నుంచీ ఒక్కసారి కూడా తప్పకుండా ఆ టోర్నీలో చోటు దక్కించుకున్న ఏకైక జట్టు పెన్ స్టేట్.

ఈ చివరి విషయాన్ని మెచ్చుకుంటూనే మొదటి పదేళ్లను కొంచెం తగ్గించి చూడటం న్యాయం. 1980ల్లో ఈ ఆట పడమటి తీరానిది. బీచ్‌లు, ఏడాది పొడవునా ఎండ, బలమైన క్లబ్బులు ఉన్న కాలిఫోర్నియా, హవాయి జట్లతో పోలిస్తే తూర్పున ఉన్న అట్లాంటిక్ టెన్ లీగ్ బలహీనమైనది. 1983 నుంచి 1990 వరకు వరసగా ఎనిమిదేళ్లు పెన్ స్టేట్ ఆ లీగ్ గెలిచిందంటే అందులో కోచ్ గొప్పతనం ఎంతో, ప్రత్యర్థుల బలహీనత కూడా అంతే. 1,330లో ఆ విజయాలూ ఉన్నాయి. అయితే అదే లెక్కను ఇంకోవైపు నుంచీ చూడాలి: 1981 నుంచి 1998 దాకా జరిగిన 18 జాతీయ టోర్నీలలో 16 టైటిళ్లు కాలిఫోర్నియా, హవాయి జట్లకే దక్కాయి. మిగిలిన రెండింటిలో 1988 టైటిల్ టెక్సస్‌కు, 1995 టైటిల్ నెబ్రాస్కాకు వెళ్లాయి. పెన్సిల్వేనియా నడిబొడ్డున, కొండల మధ్య, శీతాకాలమంతా మంచు కురిసే ఒక విశ్వవిద్యాలయ పట్టణానికి రమ్మని కాలిఫోర్నియా అమ్మాయిని ఒప్పించడం తేలిక కాదు. 1991లో జట్టు బిగ్ టెన్ లీగ్‌లోకి మారడం ఆ ఇబ్బందిని కొంత తీర్చింది. వారం వారం గట్టి ప్రత్యర్థులు, నిండిన స్టేడియాలు, మధ్య పశ్చిమ రాష్ట్రాల క్లబ్బులతో నేరుగా పరిచయాలు వచ్చాయి. మొత్తం మీద ఆ లీగ్‌ను రోజ్ జట్లు 17 సార్లు గెలిచాయి.

లీగ్ గెలవడం వేరు, డిసెంబరులో గెలవడం వేరు. 1993లో ఫైనల్ చేరి లాంగ్ బీచ్ స్టేట్ చేతిలో ఓడారు. 1997లో స్టాన్‌ఫర్డ్‌తో ఐదు సెట్లు ఆడి ఓడారు. 1998లో మరీ దారుణం: ఫైనల్ దాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడని పెన్ స్టేట్, అలాగే ఒక్క మ్యాచ్ ఓడని లాంగ్ బీచ్‌ను ఎదుర్కొని మళ్లీ అయిదో సెట్‌లో చేజార్చుకుంది. ఆ రోజు అటువైపు సెట్టర్ (స్మాషర్‌కు బంతి లేపి అందించే క్రీడాకారిణి), తర్వాతి కాలంలో బీచ్ వాలీబాల్‌లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మిస్టీ మే. అప్పటికి రోజ్ కోచ్‌గా 20 సీజన్లు పూర్తిచేశారు. టైటిల్ ఒక్కటీ లేదు. ఈరోజు ఏ వృత్తి క్రీడా జట్టయినా అలాంటి కోచ్‌కు వీడ్కోలు పలికేది. విశ్వవిద్యాలయం ఆయన్ను ఉంచుకోవడంలో దూరదృష్టి ఎంత ఉందో, మహిళల వాలీబాల్ మీద అప్పట్లో పెద్దగా ఒత్తిడి లేకపోవడమూ అంతే ఉందని చెప్పాలి. ఎవరూ పట్టించుకోని ఆటకు ఉండే లాభాల్లో ఇదొకటి. 1999 డిసెంబరులో హోనలూలూలో స్టాన్‌ఫర్డ్‌ను వరస సెట్లలో ఓడించి మొదటి టైటిల్ గెలిచినప్పుడు జట్టుకు వెన్నెముకగా నిలిచినవాళ్లు లారెన్ కాచియమానీ, సెట్టర్ బోనీ బ్రెమ్నర్. వాళ్లిద్దరూ అంతకుముందు రెండు ఫైనళ్లలో ఓడినవాళ్లే. వాళ్లకు అదే ఆఖరి సీజన్ కూడా.

రోజ్ పద్ధతి గురించి మాట్లాడేవాళ్లంతా ప్రస్తావించేది బెంచీ మీద ఆయన చేతిలో ఉండే కాగితాల కట్టను. మ్యాచ్ జరుగుతుండగా ఎగిరి గంతులు వేయకుండా, సైడ్‌లైన్ వెంట అరుస్తూ తిరగకుండా, కూర్చుని చేత్తో గణాంకాలు రాసుకునే కోచ్ అని ఆయనకు పేరు. మాట్లాడితే వ్యంగ్యం, పొగడ్తలో పిసినారితనం. ఆ కాగితాల మీద ఏముంటుందో తెలియాలంటే వాలీబాల్‌లో స్మాష్ సామర్థ్యాన్ని ఎలా కొలుస్తారో చూడాలి. నేరుగా పాయింట్ తెచ్చిన స్మాష్‌ల నుంచి తప్పుగా కొట్టినవాటిని, బ్లాక్ అయి పాయింట్ పోగొట్టినవాటిని తీసివేసి, మొత్తం ప్రయత్నాలతో భాగిస్తారు. ఒక అమ్మాయి 40 సార్లు కొట్టి 18 పాయింట్లు తెచ్చి, 6 తప్పులు చేస్తే ఆమె సామర్థ్యం 0.300. ఇంకో అమ్మాయి అవే 40 ప్రయత్నాల్లో 20 పాయింట్లు తెచ్చి 12 తప్పులు చేస్తే 0.200 మాత్రమే. ప్రేక్షకులకు గుర్తుండేది రెండో అమ్మాయి. కోచ్‌కు కావలసింది మొదటి అమ్మాయి. ఈ లెక్క ఇంకా వెనక్కి వెళ్తుంది. స్మాష్ బాగా పడాలంటే సెట్టర్ బంతిని సరైన ఎత్తులో, సరైన చోట లేపాలి. సెట్టర్ చేతికి బంతి అందాలంటే ప్రత్యర్థి సర్వీస్‌ను వెనుక వరసలోనివాళ్లు చక్కగా అందుకోవాలి. గొలుసులో ఏ లంకె ఎక్కడ తెగిందో కాగితం చెబుతుంది కాబట్టి, ఓటమి తర్వాత ఎవరి మీద కోపపడాలో ఊహించుకోవలసిన అవసరం ఉండదు.

ఆ లెక్కల నియమాలు మధ్యలో మారిపోయాయన్నది చాలామంది గమనించని విషయం. 1999లో పాత పద్ధతి ఉండేది: సర్వ్ చేసిన జట్టుకే పాయింట్, సెట్ 15కు. 2001 నుంచి ఎవరు సర్వ్ చేసినా ప్రతి ర్యాలీకీ పాయింట్ వచ్చే పద్ధతి వచ్చి సెట్ 30 పాయింట్లకు పెరిగింది. 2008లో అది 25కు తగ్గింది. మరోవైపు వెనుక వరసలో రక్షణకే పరిమితమయ్యే లిబెరో స్థానం కూడా వచ్చి చేరింది. పాత పద్ధతిలో సర్వ్ తప్పుగా వేస్తే పోయేది సర్వ్ చేసే హక్కు మాత్రమే. కొత్త పద్ధతిలో నేరుగా పాయింటే పోతుంది. అంటే తప్పుకు ధర పెరిగింది. తప్పులను లెక్కపెట్టడమే వృత్తిగా పెట్టుకున్న కోచ్‌కు ఈ మార్పు అనుకూలించిందనడం సబబే. మొదటి టైటిల్ 15 పాయింట్ల సెట్లలో, 2007 టైటిల్ 30 పాయింట్ల సెట్లలో, ఆ తర్వాతవన్నీ 25 పాయింట్ల సెట్లలో వచ్చాయి.

2007 నుంచి 2010 వరకు వరసగా నాలుగు టైటిళ్లు. ఈ ఆటలో అంతకుముందు ఎవరూ మూడు కూడా వరసగా గెలవలేదు. 2007 సెప్టెంబరులో స్టాన్‌ఫర్డ్ చేతిలో ఓడిన తర్వాత పెన్ స్టేట్ మళ్లీ ఓడింది 2010 సెప్టెంబరులో, అదీ స్టాన్‌ఫర్డ్ చేతిలోనే. మధ్యలో 109 మ్యాచ్‌లు గెలిచింది. 2008 సెమీఫైనల్‌కు వచ్చేసరికి ఆ సీజన్‌లో ఒక్క సెట్ కూడా కోల్పోలేదు. ఈ అంకెలు వింటే జట్టు ఎదురులేకుండా నడిచిందనిపిస్తుంది గానీ, సీజన్ ముగింపులు అలా లేవు. 2007 ఫైనల్లో స్టాన్‌ఫర్డ్ మీద రెండు సెట్లు గెలిచి, తర్వాతి రెండూ పోగొట్టుకుని, అయిదో సెట్‌లో బయటపడ్డారు. 2008 సెమీఫైనల్ ఒమాహాలో, నెబ్రాస్కాతో, నెబ్రాస్కా అభిమానులతో నిండిన 17,430 మంది ప్రేక్షకుల ముందు జరిగింది. అక్కడా మొదటి రెండు సెట్లు గెలిచి, మూడో సెట్‌తో 111 వరస సెట్ల విజయ పరంపర తెగి, నాలుగోదీ పోయి, అయిదో సెట్ 15-11తో దక్కింది. 2009 ఫైనల్లో టెక్సస్‌కు మొదటి రెండు సెట్లు సమర్పించుకున్నారు. డెస్టినీ హుకర్ ఒక్కతే ఆ రోజు 34 పాయింట్ స్మాష్‌లు కొట్టింది. అయినా పెన్ స్టేట్ మిగతా మూడు సెట్లూ గెలిచి, చివరిదాన్ని 15-13తో ముగించింది. మూడేళ్లలో మూడుసార్లు, కాస్త అటూ ఇటూ అయితే పోయే మ్యాచ్‌లు. అదే అయిదో సెట్ 1997లోనూ 1998లోనూ ఆయన చేజారిందని గుర్తుంచుకుంటే, అదృష్టానికి ఎంత వాటా ఇవ్వాలో ఎవరికి వారు తేల్చుకోవచ్చు.

అయితే ఆ నాలుగేళ్లలో జట్టు ఒక్కటి కాదు. ఇందులోనే రోజ్ పనితనం స్పష్టంగా కనిపిస్తుంది. ఒహాయో నుంచి వచ్చిన నికోల్ ఫాసెట్, పెన్సిల్వేనియా అమ్మాయే అయిన మిడిల్ బ్లాకర్ (నెట్ మధ్యలో ప్రత్యర్థి స్మాష్‌లను అడ్డుకునే క్రీడాకారిణి) క్రిస్టా హార్మొటో 2005లో చేరారు. నార్త్ కరోలినా నుంచి మేగన్ హాజ్, మిషిగన్ నుంచి సెట్టర్ అలీషా గ్లాస్ 2006లో వచ్చారు. బ్లెయిర్ బ్రౌన్, ఆరియెల్ విల్సన్ 2007లో. ఫాసెట్, హార్మొటో 2008 తర్వాత వెళ్లిపోయారు. 2009 జట్టు మళ్లీ 38 మ్యాచ్‌లూ గెలిచింది. ఆ తర్వాత హాజ్, గ్లాస్ ఇద్దరూ ఒకేసారి వెళ్లారు. సెట్టర్ మారితే వాలీబాల్ జట్టు దాదాపు కొత్త జట్టే, ఎందుకంటే ప్రతి స్మాషర్ అడుగు తీసే సమయమూ ఆ చేతుల్లోంచి వచ్చే బంతికి అలవాటుపడి ఉంటుంది. 2010లో ఆ లోటు కనిపించింది కూడా: అయిదు మ్యాచ్‌లు ఓడారు. కానీ డిసెంబరు నాటికి క్రిస్టిన్ కార్పెంటర్ సెట్టర్‌గా కుదురుకుంది, ఆఖరి సంవత్సరంలో ఉన్న బ్రౌన్, విల్సన్ భారం మోశారు, మొదటి ఏడాది విద్యార్థిని డేజా మెక్‌లెండన్ టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఫైనల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మీద వరస సెట్ల గెలుపు. ఓటమి ఎరగని రెండు సీజన్ల కంటే ఈ అయిదు ఓటముల సీజన్‌నే కోచ్‌గా ఆయన ఉత్తమ కృషి అనుకోవడానికి గట్టి కారణాలున్నాయి.

గొలుసు అక్కడితో ఆగలేదు. 2011లో ఓక్లహోమా నుంచి ఎడమచేతి వాటపు సెట్టర్ మైకా హాన్‌కాక్ చేరింది. ఆమె సర్వీస్ వేగానికి ప్రత్యర్థుల మొదటి పాస్ చెదిరిపోయేది; అది చెదిరితే అవతలి సెట్టర్ చేతులు కట్టేసినట్టే. 2010లో కొత్తగా వచ్చిన మెక్‌లెండన్ ఆఖరి ఏడాదిలో, అంటే 2013లో, సియాటిల్‌లో విస్కాన్సిన్‌ను ఓడించి ఆరో టైటిల్ వచ్చింది. హాన్‌కాక్ ఆఖరి ఏడాది 2014లో, బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీని ఓడించి ఏడోది. ఆ 2014 జట్టులో కొత్తగా చేరిన మిడిల్ బ్లాకర్ హేలీ వాషింగ్టన్, తన కంటే మూడేళ్లు పెద్దదైన హాన్‌కాక్‌తో కలిసి 2021లో టోక్యోలో అమెరికాకు ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన జట్టులో ఆడింది. వాళ్లకు ముందే హార్మొటో, హాజ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లోనూ, గ్లాస్ 2016 రియోలోనూ దేశం తరఫున ఆడారు.

2014 తర్వాత టైటిల్ రాలేదు. 2017లో సెమీఫైనల్ చేరి, జాన్ కుక్ శిక్షణలోని నెబ్రాస్కా చేతిలో మళ్లీ అయిదు సెట్లకు ఓడారు. వాషింగ్టన్ తరానికి అదే ఆఖరి అవకాశం. అప్పటికే ఆట విస్తరించింది. ఒకప్పుడు నాలుగైదు విశ్వవిద్యాలయాలకే పరిమితమైన ప్రతిభ ఇప్పుడు పదిహేను ఇరవై చోట్లకు పంచుకుపోతోంది. 2018లో ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు మారేవారి కోసం బదిలీ పోర్టల్ మొదలైంది. 2021 నుంచి క్రీడాకారిణులకు తమ పేరుప్రతిష్ఠల మీద డబ్బు సంపాదించుకునే హక్కూ వచ్చింది. మొదటి ఏడాది బెంచీ మీద కూర్చోబెట్టి, రెండో ఏడాది కొంచెం ఆడించి, మూడో ఏడాదికి సీనియర్ స్థానంలో నిలబెట్టే ఓపిక మీద కట్టిన పద్ధతికి ఇది సహజంగానే ఎదురుగాలి. కూర్చోబెడితే వెళ్లిపోతారు. 2021 టోర్నీ రెండో రౌండ్‌లో పిట్స్‌బర్గ్ చేతిలో ఓడాక, డిసెంబరు నెలాఖరులో 68 ఏళ్ల రోజ్ విరమణ ప్రకటించారు.

ఈ వృత్తి జీవితంలో తప్పించుకోలేని మరో కోణం ఉంది. 1972లో అమెరికా కాలేజీ మహిళా జట్లలో 90 శాతానికి పైగా జట్లకు కోచ్‌లు మహిళలే. చట్టం వచ్చి నిధులు, జీతాలు పెరిగేకొద్దీ ఆ ఉద్యోగాలకు పురుషులు రావడం మొదలై, మహిళా కోచ్‌ల వాటా సగం కంటే కిందికి పడిపోయింది. ఆడపిల్లలకు ఆడే అవకాశం ఇచ్చిన చట్టమే వాళ్లకు నేర్పే అవకాశాన్ని ఆడవాళ్ల నుంచి కొంత లాగేసుకుంది. రోజ్ కూడా ఆ అలతో వచ్చినవారే; ఆయన ప్రతిభకు దానితో సంబంధం లేదు, ఆయనకు దొరికిన తలుపుకు ఉంది. 1981 నుంచి 2023 దాకా ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచిన ప్రతి జట్టుకూ కోచ్ పురుషుడే. ఫ్లారిడా కోచ్ మేరీ వైజ్ 2003లో, 2017లో ఫైనల్ దాకా వచ్చి రెండుసార్లూ ఓడారు.

రోజ్ స్థానంలో 2022 జనవరిలో బాధ్యత తీసుకున్నది కేటీ షూమాకర్-కాలీ. ఆయనలాగే షికాగో మనిషి. 1999లో మొదటి టైటిల్ గెలిచిన జట్టులో ఆడారు. షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ జట్టుకు ఏళ్ల తరబడి కోచ్‌గా పనిచేసి, 2018లో రోజ్ దగ్గరికే సహాయ కోచ్‌గా తిరిగి వచ్చారు. బదిలీ పోర్టల్‌ను ఆమె శత్రువుగా చూడలేదు. 2024 జట్టులో ప్రధాన స్మాషర్ జెస్ మ్రుజిక్ మిషిగన్ నుంచి, క్యామ్రిన్ హ్యానా క్లెమ్సన్ నుంచి మారి వచ్చినవాళ్లు; సెట్టర్ ఇజీ స్టార్క్ మాత్రం పాత పద్ధతిలో హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన మొదటి ఏడాది విద్యార్థిని. ఆ సీజన్ మధ్యలోనే కోచ్‌కు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. చికిత్స తీసుకుంటూనే ఆమె జట్టును నడిపారు. సెమీఫైనల్లో నెబ్రాస్కాకు మొదటి రెండు సెట్లు ఇచ్చి, నాలుగో సెట్‌లో ఓటమి అంచు దాకా వెళ్లి, చివరికి అయిదు సెట్లలో గెలిచారు. ఫైనల్లో ప్రత్యర్థి లూయివిల్ కోచ్ డానీ బుస్‌బూమ్ కెలీ కూడా మహిళే కావడంతో, ఎవరు గెలిచినా టైటిల్ గెలిచిన తొలి మహిళా కోచ్ ఆ రాత్రే తేలిపోవలసి ఉంది. 2024 డిసెంబరు 22న, లూయివిల్ నగరంలోనే, పెన్ స్టేట్ 3-1తో గెలిచి ఎనిమిదో టైటిల్ అందుకుంది. 29 పాయింట్ స్మాష్‌లు కొట్టిన మ్రుజిక్‌కు అదే ఆఖరి కాలేజీ మ్యాచ్. 2025 సీజన్‌కు ఆ స్థానం మళ్లీ ఖాళీ.